ఆయన అసలు నడక

"మళ్ళీ వార్డుకా? వద్దమ్మా... నీకు దణ్ణం పెడతాను!"

ఆమె చేతులు జోడించేసరికి ఫిజియోథెరపిస్టు అమ్మాయి కంగారుపడిపోయింది. న్యుమోనియాతో చావుదాకా వెళ్ళిన భర్తను ఇంటికి తెచ్చుకుని ఇంకా నెల తిరగలేదు. ఈరోజు నడక పరీక్ష. ఆసుపత్రి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఆరు నిమిషాలపాటు వీలైనంత వేగంగా నడవాలి. నడిచిన దూరాన్నీ, వేలికి తగిలించిన క్లిప్పు చూపే ఆక్సిజన్‌నీ బట్టి ఊపిరితిత్తులు ఎంత కోలుకున్నాయో చెబుతారు. ఆయన నడిచింది మరీ తక్కువ! డాక్టరుగారు మళ్ళీ చేర్చుకోమంటారేమో అంది ఆ అమ్మాయి.

ఆ వార్డును ఆమె ఇంకా మరిచిపోలేదు. పొద్దున పలకరించిన పక్క మంచం ఆయన సాయంత్రానికి లేడు. దుప్పటి మార్చేశారు... అంతే!

"ఆయాసం లేదు, ఆక్సిజన్ కూడా బాగానే ఉంది. మరెందుకు నడవలేదు సార్?"

"వేగంగానే నడిచానమ్మా" అన్నాడాయన అమాయకంగా.

వెంట వచ్చిన కూతురు తల్లివైపు తిరిగింది. "నువ్వెందుకమ్మా పక్కన నడిచావు? ఎవరూ రాకూడదన్నారుగా!"

"పడిపోతే పట్టుకోవద్దుటే? నేను ఏడిస్తే ఆ అమ్మాయే పోనీలెమ్మని ఒప్పుకుంది పాపం!"

"నువ్వు పక్కనుంటే నాన్న ఎప్పుడైనా వేగంగా నడిచాడా?"

ఆమె చిన్నప్పుడు విరిగి వంకరగా అతికిన తన కాలివైపు చూసుకుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన తనను ఒక్క అడుగు కూడా దాటలేదు! "ఉత్తరాలు పంచే మనిషి, ఈ నత్తనడకేమిటండీ!" అని ఎన్నిసార్లు ఎగతాళి చేసింది!

కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ నడిపించారు. ఈసారి ఆమెను బల్ల మీద కూర్చోబెట్టారు. భుజాన లేని సంచీ ఉన్నట్టు ఒక పక్కకు ఒరిగి, ఆయన చకచకా వెళ్ళిపోతున్నాడు... ఎవరీ మనిషి? 'మెల్లగా!' అని కేకేయబోయి ఆమె నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. అంతలో వరండా ఆ చివర గోడ పట్టుకుని వంగిపోయాడు!

"ఏమండీ!"

"చెప్పు ఊడిందే! అరవకు!"

చెప్పు సరిచేసుకుని మళ్ళీ నడిచాడు. దూరం లెక్కేసి, క్లిప్పు చూసి ఆ అమ్మాయి నవ్వింది. "ఈసారి ఫరవాలేదు సార్. డాక్టరుగారికి ఇదే చూపిస్తాను." డాక్టరుగారు కూడా చూసి, ఇంటికి పంపించేశారు. కానీ నెల తర్వాత మళ్ళీ రావాలట. అప్పుడేమంటారో...

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేమండీ?" ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

"చెప్పడానికేముంది? ఈరోజుదాకా నాకే తెలీదు!"

ముగ్గురూ బయటకు నడిచారు. గేటు దాకా ఆమె చెవులు ఆయన ఊపిరి మీదే ఉన్నాయి. ఆయన కళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఆమె కాలి మీద.