లాంచీలో పురుడు

ఇది డెబ్బై అయిదు ప్రాంతాల మాట. వరహాలరావుకి ఇంజనుతో మాట్లాడే అలవాటుండేది. భీమిలి సముద్రం మీద పెరిగిన మనిషి, ఈ కొండల మధ్య డ్యామ్ నీళ్ల మీద లాంచీ నడపడానికొచ్చి, మాట్లాడే తోడు లేక అలా తయారయ్యాడు. "పద తల్లీ, ఈ ట్రిప్పొకటి గట్టెక్కించీ" అన్నాడు ఆ సాయంత్రం కూడా.

అది మామూలు ట్రిప్పు కాదు మరి. వెనక క్యాబిన్లో చాప మీద రత్న పురిటి నొప్పులు పడుతోంది. నిన్నటి నుంచీ బిడ్డ కదలడం లేదు. మొగుడు మంగ్లు పొద్దుటి ట్రిప్పులోనే అవతలి రేవుకి పోయి జీపు ఆపించి ఉంచాడు. బేగి పాడేరు ఆసుపత్రికి చేరిస్తే తల్లీబిడ్డా దక్కుతారు. లేకపోతే ఇద్దరి మీదా ఆశ వదులుకోవాల్సిందే. పక్కన అత్త యర్రమ్మ కూర్చుని కోడలి నడుం రాస్తోంది.

చలికాలం. పొద్దు కొండ వెనక్కి జారగానే అరకు వైపు నుంచి గాలి లేచింది, మంచు నీళ్ల మీదకి దిగింది. కుళ్లిన ఆకు వాసన, డీజిల్ వాసన కలిసి ముక్కుకి తగులుతున్నాయి. ములిగిన అడవి తాలూకు ఎండు మోళ్లు అక్కడక్కడ నీళ్లలోంచి తలలెత్తి ఉన్నాయి.

సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి ఇంజను గొంతు మారింది. ఓసారి ఎగిసి, ఓసారి కుంగి, లాగలేక దగ్గి, ఆగిపోయింది.

రత్న మూలుగు ఒక్కటే వినిపిస్తోంది.

వరహాలరావు క్యాబిన్లోకి దూరి, ఇంజను మీది చెక్క ఎత్తి లాంతరు పెట్టాడు. ట్యాంకులో డీజిలుంది. ఫిల్టరు శుభ్రంగా ఉంది. పైపు వెంట వేలితో తడుముకుంటూ పోతే పంపు దగ్గర నట్టు వదులుగా తగిలింది. ఇదన్నమాట! లైన్లోకి గాలి పోతే డీజిల్ అందదు, ఎంతటి ఇంజనైనా పడుకుంటుంది. చేతిపంపు కొట్టి బుడగలన్నీ పోగొట్టి, స్పానరుతో బిగించి, హ్యాండిల్ తిప్పాడు. స్టార్టయింది. "నా బంగారు తల్లే!" అన్నాడు.

కాస్త దూరం పోయారో లేదో మళ్లీ అదే దగ్గు. మళ్లీ అదే నట్టు. ఈసారి ముట్టుకుంటే తడిగా ఉంది. డీజిల్ కాదు... చల్లటి నీళ్లు.

లాంతరు ఇటు తిప్పాడు. రత్న జుట్టు విరబోసి ఉంది. కోక ముడి, మూట ముడి, చెంబు మూత, ఆఖరికి తన పనిముట్ల పెట్టె గొళ్లెం కూడా తీసేసి ఉన్నాయి. అతనికి ఒళ్లు మండింది.

"ఏటమ్మా ఇది? ఏటి సేత్తన్నావు?"

"నొప్పులు తెగనేదు బాబూ. ముడి ఉంటే బిడ్డ రాదు. మా ఊళ్లో పురుడంటే అన్నీ ఇప్పేత్తాం."

"నా ఇంజను కూడా ఇప్పీసినావా?"

"నీ మిషను నాకేటి తెలుసు! నేను ముట్టనేదు." ముసలామె గొంతు తగ్గించింది. "మా పాత ఊరు ఈ నీళ్ల అడుగునే ఉంది. డ్యామ్ కట్టినప్పుడు ఊరందరం ఖాళీ సేసి పోతే మంత్రసాని పెద్దమ్మ గడప దాటనంది... ములిగిపోనాది. మా పురుళ్లన్నీ ఆవిడ సేతిమీదే. ఇప్పుడూ వచ్చినట్టుంది. రానీ బాబూ."

వరహాలరావుకి భయమేసింది. భయమేసినందుకు కోపమొచ్చింది. స్పానరు లేకుండా ముసలి వేళ్లకి ఆ నట్టు ఊడదని తెలుసు. తెలిసీ, నట్టు బిగించి ఇంజను మళ్లీ స్టార్టు చేసి, ఆమె రెక్క పట్టుకుని బయటికి లాగాడు.

"నన్ను బయటెట్టకు! పుట్టిన బిడ్డని ఇమ్మని ఇంటి మనిషి పెద్దమ్మని సేతులు సాపి అడగాల. అడిగినోళ్లు నేకపోతే ఆవిడ తనదనుకుంటాది!"

"ఆసుపత్రిలో అడుగుదువుగాని." తలుపుకి తాళం వేసి స్టీరింగు దగ్గరికి పోయాడు.

ఇంజను ఇక ఆగలేదు. చక్కగా, ఒకటే పాటగా నడిచింది. చూశావా అన్నట్టు యర్రమ్మ కేసి చూశాడు.

లోపల రత్న కేక పెట్టింది. మరో కేక. తర్వాత... మాటలు. ఒక గొంతు కాదు. రెండు.

"ఎవురితో మాటాడతంది?" అన్నాడు గుసగుసగా.

యర్రమ్మ తలుపు దగ్గరికి పాకింది. మూసిన తలుపుకి రెండు చేతులూ చాపి, "ఇయ్యి పెద్దమ్మా... మా బిడ్డని మాకియ్యి... తాళం తీ బాబూ, నీ కాళ్లట్టుకుంటాను..." అని ఏడుస్తోంది.

ఇటు మోళ్లు. అటు మోళ్లు. స్టీరింగు వదిలితే లాంచీ పగులుతుంది. అదిగో రేవు. అదిగో జీపు లైట్లు. ఇంకాస్త... ఇంకాస్త...

ఏ గొంతూ వినబడటం లేదు.

రేవు తగలగానే తాళం తీశాడు. మంగ్లు అతన్ని తోసుకుని లోపలికి దూరాడు. రత్న గోడకి చేరబడి కూర్చుని ఉంది. బతికే ఉంది. తేలిగ్గా ఊపిరి తీస్తోంది. కడుపు పల్చగా ఉంది. చాప మీద రక్తపు చుక్క లేదు, ఎవరో కడిగినట్టు తడిగా ఉంది. కిటికీ కూడా లేని ఆ క్యాబిన్లో బిడ్డ లేదు.

యర్రమ్మ రేవులో కూలబడి గుండెలు బాదుకుంది. వరహాలరావు చేతిలోని తాళం కేసి చూశాడు. ఆ గుంట ఒక్కర్తినీ లోపల పెట్టింది తనే.

మంగ్లు ఎత్తుకోబోతే రత్న అతని చెయ్యి తోసేసింది. ముఖంలో ఏ బెంగా లేదు.

"గుంటడు పుట్టేడు," అంది నవ్వుతూ. "పెద్దమ్మ తానం పోసి తెత్తానంది. ఉండండి."

అందరూ మంచు కేసి చూశారు. నీళ్ల మీద ఎక్కడో, దోసిలితో తీసి నెమ్మదిగా పోస్తున్న చప్పుడు... మళ్లీ తీసి... మళ్లీ పోసి... అది దగ్గరికి రాలేదు. ఆగనూ లేదు.