చేదుచూపరి

ఉదయం ఎనిమిదింటికే సుంకులమ్మ పన్నెండో వరుస పందిరి కింద పనిలో కూర్చుంది. సొరకాయ తొడిమ దగ్గర గోరంత ముక్క కోయడం, నమలడం, ఉమ్మేయడం, కాయ మంచిదైతే దాని మీద సుద్దతో గీత పెట్టడం, ఇదీ ఆమె పని. పక్క పందిరి కింద నల్లగుట్ట పరిశోధన క్షేత్రం కూలీలు టిఫిను చేస్తున్నారు. అందరి గిన్నెల్లోనూ ఒకటే బూడిదరంగు నాచుముద్ద. దాన్నే ఒకాయన నాటుకోడి పులుసుగా, ఒకామె నేతి పెసరట్టుగా లొట్టలేస్తూ తింటున్నారు. అంగిట్లో అతికించుకున్న రుచిరేకు ఏది తలచుకుంటే ఆ రుచి ఇస్తుంది. వరస కరువుల్లో జనం ముద్ద మింగలేక చావకుండా కాపాడింది ఆ రేకేనని పిల్లల పాఠాల్లో రాశారు. అందులో అబద్ధమేమీ లేదు.

రేకు ఇవ్వని రుచి చేదు ఒక్కటే, రేకున్న నోటికి చేదు తెలియదు. కావాలని అడిగినవాళ్లెవరు? కానీ నీళ్లు చాలని సొరతీగకు ఒక కాయ తియ్యగా, దాని పక్క కాయ కటికచేదుగా కాస్తుంది. ఆ చేదు విషం. యంత్రంతో పరీక్షించాలంటే కాయంతా నూరాలి, అన్నీ నూరేస్తే జనానికి పంచేదేమిటి? అందుకే రేకు లేని మనిషి ఒకరు క్షేత్రానికి తప్పనిసరి. కాగితాల్లో ఆ ఉద్యోగం పేరు చేదుచూపరి. పంతొమ్మిదేళ్లుగా సుంకులమ్మ నాచుముద్దను నాచుముద్దగానే తింటోంది.

ఆమె కూతురు కావేరి ఏడో నెల కడుపుతో రక్తం కక్కుకుని చనిపోయి పన్నెండు రోజులైంది. కర్మకాండ అయిన మర్నాడే సుంకులమ్మ పనిలోకి వచ్చేసింది. ఆస్పత్రివాళ్లు తిండిలో విషమని మాత్రం చెప్పారు. గిడ్డంగిలో ముద్ద పాడైందని ఆమె నమ్మకం, గిడ్డంగి మనిషి కనిపిస్తే తిట్టిపోస్తోంది.

క్షేత్రం శాస్త్రవేత్త శాంభవి చేతిలో పలకతో వచ్చి ఎదురుగా నేల మీదే కూర్చుంది. సాయంత్రంలోగా ఆ మరణం మీద నివేదిక పంపాలి. ‘కారణం తెలియలేదు’ అని రెండు మాటలు రాస్తే ఇద్దరికీ బాధ తప్పుతుంది. నిజం రాస్తే మూడు వందల నలభై క్షేత్రాల్లో చేదుచూపరులందరికీ చదివి వినిపిస్తారు, ఈమెకు కూడా. మూడు రోజులుగా శాంభవి రాయలేక ఊరుకుంది. నిన్న సాయంత్రం పొరుగు క్షేత్రం చేదుచూపరి, కొడుకు పెళ్లి ఉంది, ఒక్కరోజు రేకు ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాడు.

"పని ఆపక్కా. నీతో మాట్లాడాలి."

"చెప్పు మేడమ్. చేతుల పని చేతులది."

"కావేరి సీమంతానికి నేను నీకు రేకు ఇచ్చాను కదా."

"మర్సిపోతానా? పంతొమ్మిదేండ్లకు ఆ పొద్దు కడుపునిండా తిన్యా. నా వియ్యపురాలి ముందర మొగం ముడ్సుకోకుండా, బిడ్డ పక్కన కూచ్చొని తిన్యా. నీ పున్యం." ఆమె ముక్క ఉమ్మేసింది. "సాయంత్రమే పీకి నీ చేతిలో పెట్టినా కదా?"

"పెట్టావు. తీసిన గంటకే నాలుక మామూలవుతుందని డబ్బా మీద రాశారు. నేనూ నమ్మాను. అసలు రేకు తీసేవాళ్లే లేరు, వాళ్లు మాత్రం ఎవరి మీద పరీక్షించారు?" శాంభవి పలక మూసి ఒళ్లో పెట్టుకుంది. "కావేరి పోయిన మర్నాడు నా రేకు తీసేశాను. రోజూ వేపాకు నమిలాను. చేదు తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది."

సుంకులమ్మ చేతిలో కత్తి ఆగింది. సీమంతం మర్నాడు ఆమె రెండు వందల కాయలు చూసింది. అన్నింటికీ గీత పెట్టింది. కోత లోతుగా పడిన కాయలను చేదుచూపరి ఇంటికి తీసుకెళ్లడం క్షేత్రంలో మామూలు. ఆ రోజు రెండు దొరికితే వండి, కడుపుతో ఉన్న పిల్లకు నిజమైన కూరగాయ పెట్టాలని గిన్నె పట్టుకుని కూతురింటికి వెళ్లింది. గిన్నెలో ఉన్నదంతా కూతురికే పెట్టింది, తను ముట్టుకోలేదు.

"మిగతా కాయలన్నీ గిడ్డంగిలోనే దొరికాయి, పూడ్చేయించాను," అంది శాంభవి. "రేకు ఇచ్చింది నేను. తప్పు నాదక్కా."

"ఆ కాయ సూసింది నేను కదా."

శాంభవికి ఏడుపొచ్చింది. ఏడ్చే హక్కు తనకు లేదనిపించి ఆపుకుంది. సుంకులమ్మ కత్తిని కొంగుతో తుడిచి పక్కన పెట్టింది.

"నువ్వు రాసేది అన్ని తోటల్లోనూ సదువుతారా?"

"చదువుతారు. నీ పేరు లేకుండా రాస్తాను."

"పేరు పెట్టే రాయి. పేరు ల్యాకుంటే యాడో ఎవురికో అయిందనుకుంటారు."

శాంభవి పలక తెరిచి రాయడం మొదలుపెట్టింది. సీమంతం తేదీ, రేకు తీసిన వేళ, కాయలు చూసిన వరుస ఒక్కొక్కటే అడిగింది. సుంకులమ్మ తడబడకుండా చెప్పింది.

"కావేరి ఎంత తిన్నదో రాయాలక్కా."

సుంకులమ్మ సుద్దముక్క కింద పెట్టింది.

"దాని నోట్లో రేకుండె కదా మేడమ్. శానా బాగుండాదిమా, ఇంగొంచెం పెట్టు అనింది. పెట్టినా. మళ్లా అడిగింది. మళ్లా పెట్టినా."