అడగకుండా తీసేసిన గొంతు

"మా నాన్న గొంతేదీ?"

నిమియా ల్యాప్‌టాప్ తెచ్చి ఆసుపత్రి కంప్యూటర్లు చూసే డెర్లిస్ బల్ల మీద పెట్టిన ఊపుకి కొమ్ము గ్లాసులోని చల్లటి ఆకు పానీయం తెరెరే తొణికింది.

"గొంతులు దాచే ప్రోగ్రాంకి కొత్త వెర్షన్ వేశాను. అందరూ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఆసుపత్రి మెషీన్లన్నిట్లో పాతది తీసి కొత్తది పెట్టేసింది నా స్క్రిప్టు. ఎవ్వరికీ తెలియనే లేదు!" అన్నాడు డెర్లిస్ మురిసిపోతూ.

"నిజమే, తెలియలేదు. ఏదీ, నొక్కి చూడు."

నొక్కాడు. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ" అంది ల్యాప్‌టాప్, వార్తలు చదివేవాడి గొంతుతో. డెర్లిస్ మొహంలో నెత్తురుచుక్క లేదు.

పరాగ్వే రాజధాని అసున్సియోన్‌లోని ఆ ఆసుపత్రిలో గొంతు తీసేసే ఆపరేషనుకి ముందు రోగి చేత నాలుగు మాటలు చెప్పించి దాచుతారు. తర్వాత ఆయన మీట నొక్కితే ఆయన మాట ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. రికార్డింగు లేని మాటని ప్రోగ్రాం తన సొంత గొంతుతో చదువుతుంది. ఆ మాటలు చెప్పించే ఉద్యోగం నిమియాది. బస్సులెక్కి "చిపా, వేడి వేడి చిపా!" అని అరిచి రొట్టెలమ్మిన ఆమె తండ్రి ఎలిహియో కూడా కిందటేడు ఆమె రికార్డింగు గదిలోనే కూర్చున్నాడు. రోజూ పొద్దున్నే ఆమె అక్కడి పిల్లలందరిలాగే చేతులు జోడించి "దీవించు నాన్నా" అంటుంది. ఆయన మీట నొక్కుతాడు.

"నాన్న ల్యాప్‌టాప్‌ని ఆసుపత్రికి తెమ్మన్నది నువ్వే కదా? నీ మాట నమ్మి తెచ్చాను."

"పాతది తీసేటప్పుడు రికార్డింగులు కూడా తీసేయాలా అని ప్రోగ్రాం అడుగుతుంది. సైలెంట్ మోడ్‌లో మాత్రం అడగదు, నేను వాడింది అదే. సరే అన్నట్టే అనుకుంటుంది. ముందు నా మెషీన్లో పరీక్షించాను నిమియా. అందులో ఎవరి గొంతూ లేదు. అందుకే అంతా సవ్యంగా కనిపించింది."

"అడగదా? అచ్చం నీలాగే!"

ఆ మాట సూటిగా తగిలింది. ఇద్దరూ రోజూ ఒకే గొట్టంతో తెరెరే తాగుతున్నా, మనసులో మాట ఒక్కనాడూ బయటపెట్టినవాడు కాదు. ఆమె కుర్చీ కిర్రుమంటే ఆమె రాకముందే నూనె వేస్తాడు. చప్పుడు లేకుండా చేసే పనే గొప్ప పనని వాడి నమ్మకం.

డెర్లిస్ గ్లాసు నింపి అందించాడు. ఆమె తాగి తిరిగిచ్చేసింది.

"థాంక్స్."

తెరెరే దగ్గర ఆ మాటకి ఇక నాకు పోయకు అని అర్థం.

పోయినవి తిరిగి రాలేదు. వాటి చోట కొత్త ప్రోగ్రాం కూర్చుంది. రెండో కాపీ ఉండేది ఆఫీసు కాగితాలకే. పోయినవాటిలో చనిపోయిన ఒకాయన గొంతు కూడా ఉంది. అది వినడానికే ఆయన భార్య ఆసుపత్రికి వచ్చి కూర్చునేది. ఆ సంగతి తెలిశాక డెర్లిస్‌కి అన్నం సయించలేదు.

"మెయిలు పంపిస్తే సరిపోతుంది" అన్నారు పైవాళ్లు. వాడు వినలేదు. గొంతు పోయిన ప్రతి రోగి ఇంటి తలుపూ తట్టి "నేనే తీసేశాను, మిమ్మల్ని అడగలేదు" అని చెప్పాడు. కొందరు తిట్టారు. చనిపోయినాయన భార్య మాత్రం తలుపు వేసుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది వాడికి.

చివరికి నిమియా ఇంటికి వెళ్లేసరికి వాన దంచేస్తోంది. ఎలిహియో ఆ రోజు నుంచీ ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు.

"అయ్యా, మీ మాటలన్నీ పోగొట్టాను. ఇదొక్కటే మిగిలింది. మైకు పరీక్షించిన రోజు నా దగ్గర విడిగా ఉండిపోయింది" అంటూ ఫోన్ తీసి వినిపించాడు.

"తల్లీ, ఇది వింటోందా? లేక గాలితో మాట్లాడుతున్నానా?"

"వింటోంది నాన్నా! అరవకు, ఇది బస్సు కాదు!"

నవ్వులు. అంతే, అయిపోయింది.

ముసలాయన మళ్లీ పెట్టమని వేలు చూపించాడు. మళ్లీ. నిమియా కళ్లు తుడుచుకోలేదు. తండ్రి ముందుకెళ్లి చేతులు జోడించి "దీవించు నాన్నా" అంది. ఆయన చెయ్యెత్తాడు. పెదాలు కదిలాయి. మాట లేదు. ఇంకెప్పటికీ ఉండదు.

డెర్లిస్ ఫోన్ పక్కన పెట్టాడు. "అయ్యా, ఇలాంటప్పుడు అడగకూడదేమో. కానీ అడక్కపోవడమే నా జబ్బు. నాకు నిమియా అంటే ప్రాణం. మీరు ఒప్పుకుంటే..."

ఎలిహియో వాణ్ణి ఎగాదిగా చూసి, ఇన్నాళ్లకి ల్యాప్‌టాప్ తెరిచి టైపు చేశాడు. "నన్నెందుకురా అడుగుతావు? అది పక్కనే ఉందిగా" అంది వార్తలవాడి గొంతు.

నిమియాకి నవ్వు రాబోయి ఏడుపులో కలిసిపోయింది.

"నిమియా, నేనంటే నీకు ఇష్టమేనా? కాదన్నా సరే. నోటితో చెప్పు చాలు."

"నిన్ను క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా తెలియదు."

"సరే."

"ఇష్టం లేదని మాత్రం అనలేదు."

బయట వాన తగ్గలేదు. బల్ల మీద కొమ్ము గ్లాసు ఉంది. "పోయనా?" అని అడిగాడు డెర్లిస్. ఆమె తలూపింది. చల్లటి నీళ్లు పోసి ఇచ్చాడు.

ఆమె చివరిదాకా తాగి గ్లాసు వాడి చేతికిచ్చింది. థాంక్స్ అనలేదు.