చేతికివ్వని ఉప్పు

"పిళ్ళప్పా, మధ్యాహ్నం అంబుజ మేడం ఆడ భోంచేస్తారు. మళ్ళా ప్రాణంతో కారెక్కల్ల. అంతే నీ పని." చెవిలోని మైక్రో రిసీవర్‌లో చీఫ్ మురళీధర గొంతు. లైన్ కట్ అయింది.

దేశపు క్షిపణి గైడెన్స్ కోడ్‌లో సగం అంబుజ తలలోనే ఉంది. ఆ తల లేకుండా చెయ్యాలని ఒక విదేశీ ముఠా మనిషిని దింపింది. వాడు చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లికి పోయే రోడ్డు పక్కన, ద్రాక్షతోటల మధ్య, 'కాసా దో సాల్', అంటే ఉప్పిల్లు, అని పోర్చుగీస్ ఫైన్ డైనింగ్ హోటల్ తెరిచాడు. చెఫ్ దువార్తే అని పేరు పెట్టుకున్నాడు. అసలు ఏ దేశంవాడో వాడి తల్లికే తెలియాలి.

చాకవేలు రైతుబిడ్డ పిళ్ళప్ప పది రోజులుగా అక్కడ గోవా వంటవాడు నెల్సన్. అతికించిన గడ్డం, తెలుగు ముక్క రానట్టు మొహం. బకల్యావ్ అనే ఉప్పుచేపను నీళ్ళు మార్చి మార్చి రెండు రోజులు నానబెట్టడం కూడా వచ్చేసింది. దువార్తే ఆయుధం ఏమిటో మాత్రం దొరకలేదు.

పన్నెండున్నరకి వైన్ వడ్డించే మైత్రేయి కిచెన్‌లోకి వచ్చింది. వంకాయరంగు పట్టుచీర, చూపు తిప్పుకోనివ్వని మొహం. డబుల్ ఏజెంట్. ఇటూ కబుర్లిస్తుంది, అటూ ఇస్తుంది. దువార్తే చూస్తుండగా గుప్పెడు కల్లుప్పు చాపింది. "నెల్సన్, టేక్ దిస్."

పిళ్ళప్ప చెయ్యి చాపలేదు, పళ్ళెం జరిపాడు. ఉప్పు చేతికి చేతికి అందుకుంటే జగడమొస్తుందని చిన్నప్పుడు అవ్వ వీపు మీద చరిచి మరీ నేర్పింది. గోవా నెల్సన్‌కి ఆ భయం ఎందుకుంటుంది? తప్పు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

"బాస్, వీడు గోవావాడు కాదు," అంది మైత్రేయి.

దువార్తే పిస్టల్ తీశాడు. "ఎలా తెలుసు?"

"ట్రేడ్ సీక్రెట్. కాల్చకండి, చప్పుడవుతుంది. కోల్డ్ రూమ్‌లో పడేద్దాం."

తలుపు ధడాలున మూసుకుంది. లోపల రెండు డిగ్రీలు, అరల నిండా ఉప్పుచేపలు. లోపలి వైపు హ్యాండిల్ పీకేశారు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి డైనింగ్ హాలు కనబడుతోంది.

ఇంటర్‌కమ్‌లో దువార్తే నవ్వాడు. "తిండిలో విషం పెడితే ల్యాబ్‌లో దొరుకుతుంది. నా స్పెషల్ ఉప్పు అరచేతికి తగిలితే చాలు, సాయంత్రానికి గుండె ఆగుతుంది. నా వేళ్ళకి ప్లాస్టిక్ పూత ఉంది. ఆమెకి లేదు. విని ఆనందించు." హాల్లో మాటలు లోపలికి వినబడేలా ఇంటర్‌కమ్ ఆపకుండానే వెళ్ళాడు.

"చింతామణి టమోటా దిగింది," అంది రిసీవర్. అంబుజ వచ్చిందని కోడ్. ఆ ముక్కతో రిసీవర్ చలికి చచ్చింది. మాంసం వేడి చూసే థర్మామీటర్‌లో దాచిన లేజర్ కట్టర్ కూడా వెలగలేదు. పిళ్ళప్ప తలుపును తన్నాడు, భుజంతో మోదాడు. తలుపు కదల్లేదు. ఏడుపొచ్చింది. అయ్యో దేవుడా, పది రోజులు చేపలు కడిగింది ఆమె చావు అద్దంలో చూడ్డానికా! థర్మామీటర్‌ని చంకలో దూర్చి, బిగబట్టి, బ్యాటరీకి తన వేడి ఇస్తూ నిలబడ్డాడు.

అద్దం అవతల దువార్తే వంగి చిటికెడు ఉప్పు పట్టుకున్నాడు. "మేడం, అరచేయి ప్లీజ్. మా ఉప్పును ముందు తాకాలి, తర్వాత రుచి చూడాలి."

అంబుజ చెయ్యి లేచింది. మళ్ళీ చటుక్కున వెనక్కి పోయింది. "అయ్యో, ఉప్పు చేతికియ్యకూడదప్పా! ఆ ప్లేట్లో పెట్టు."

"మేడం, ఇది పోర్చుగీస్ సంప్రదాయం..."

"ఉండనీప్పా. నీకూ నాకూ జగడమెందుకు? పెట్టు ఆడ."

వాడు బతిమాలాడు, వాదించాడు, చేతులు జోడించాడు. ఆమె వినలేదు. మూడు నిమిషాలు పోయాయి. చివరికి పళ్ళు కొరుక్కుంటూ ప్లేట్లో వేసి, "పోనీ, వేళ్ళతో తీసుకోండి," అన్నాడు.

అంబుజ వేళ్ళు ప్లేటు వైపు కదిలాయి.

చంకలో థర్మామీటర్ చురుక్కుమంది. లేజర్ వెలిగింది, తాళం కరిగింది. పిళ్ళప్ప చేతికందిన ఉప్పుచేప పట్టుకుని హాల్లోకి దూకాడు. చెక్కపలకలా బిగుసుకుపోయిన చేపను ప్లేటుకు గురిచూసి విసిరాడు. ప్లేటు ఎగిరి దువార్తే మెడకు తగిలింది. ఉప్పంతా వాడి కాలర్‌లో పడింది. పూత వేళ్ళకే ఉంది, మెడకు లేదు.

"యాంటిడోట్!" అని కేకపెట్టి వాడు జేబు తడుముకున్నాడు. విరుగుడు సీసా అప్పటికే మైత్రేయి చేతిలో ఉంది.

"ముందు మీ ముఠా పేర్లు, బాస్," అంది. వాడు పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాడు.

"ఈ హోటల్లో చేపలు ఇట్ల ఇసిరి వడ్డిస్తారా?" అంబుజ మెల్లగా అడిగింది. "నాకు పెరుగన్నం చాలప్పా."

పిళ్ళప్ప వణుకుతూనే మైత్రేయి మీద మండిపడ్డాడు. "నన్నెందుకు పట్టిచ్చినావు?"

"పొద్దున్నే నీ గడ్డం అంచు ఊడి వాని కంటబడింది. నువ్వు దొంగ నెల్సన్ అని తేలితే ఈపూటే కాల్చేస్తానన్నాడు. నేను ముందుపడి చెప్పి, చప్పుడని ఆపబట్టే లోపలేసినాడు. ఉప్పు సంగతి మాత్రం వానికి చెప్పలే. చెప్పుంటే ఆయమ్మ చేతికిచ్చేటోడా?"

పిళ్ళప్ప గడ్డం పీకి పక్కన పారేశాడు. పెరుగన్నం వచ్చింది. మైత్రేయి నవ్వుతూ అందులోకి చిటికెడు ఉప్పు అతని చేతికి చాపింది.

"ఆడ పెట్టమ్మా," అన్నాడు చెయ్యి వెనక్కి లాక్కుంటూ. "నీతో జగడం ఈపొద్దుకి చాలు."