బయమ్మ షెడ్డులో తిరగబడిన గొంతు

కొత్తచెరువు రోడ్డులో బయమ్మ షెడ్డు అంటే, దీపాలు పెట్టినాక ధర్మవరంలో ఎవరూ పేరు గూడా ఎత్తేవాళ్లు కాదు. ఎనభైల్లో కరువొచ్చి మల్బరీ ఎండిపోయి, పట్టుపురుగులు తట్టల్లోనే కుళ్లిపోతే, ఆయమ్మ ఆ షెడ్డు దూలానికే ఉరేసుకునింది. అప్పట్నించి రాత్రిపూట ఆడ ఆడమనిషి గొంతు వినపడతాదంట... మాట మాత్రం ఒక్కటీ అర్థం కాదంట. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగుంటాయి కదా, మాట గూడా అంతేనని మా పెద్దక్క చెప్పేది.

అట్లాంటి చోటికి మగ్గం నేసే ఈశ్వరప్ప కావాలనే పోయినాడు. ధైర్యముండి కాదు. ఊళ్లో ఏ వీధికి పోయినా మగ్గాల చప్పుడే. పాట టేపులో పట్టేదానికి నిశ్శబ్దం కావల్ల.

పాట ఆయన పెండ్లాం రామాంజినమ్మది. కండెలు చుట్టుకుంటా పాడుకునేది. కామెర్లొచ్చి పోయి రెండేండ్లాయ. ఫోటో లేదు, పాడూ లేదు, మిగిలింది ఆ పాటే. అదీ జారిపోతాండాది — ఆఖరి చరణం ఎంత తన్నుకలాడినా గుర్తుకు రాదు. ఉన్నకాడికైనా పట్టి పెట్టుకోకపోతే అంతా పోతాదని భయం. ఆ భయం ముందర దెయ్యం భయం చిన్నదైపోయింది.

టేపులు బాగుచేసే గోవిందప్ప అంగట్లో పాటలు రికార్డు చేసే పెట్టె ఒకటి ఉండేది. పుట్టపర్తికొచ్చిన తెల్లాయన ఎవరో రిపేరికిచ్చి మళ్లీ రాలేదు. దాంట్లో వేసేది మామూలు క్యాసెట్టే, కానీ నాలుగు ట్రాకులు. ఒకదాంట్లో తాళం పట్టి, దాన్ని చెవుల్లో వింటా, రెండోదాంట్లో గొంతు పట్టొచ్చు. ఒకటి ఇంకొకదాన్ని చెరపదు. "ఒక్కడివే మేళమంతా కావొచ్చన్నా," అని నేర్పించి పంపినాడు. క్యాసెట్ ఈశ్వరప్పదే — ఎప్పుడో టేపురికార్డరు బాడుగకు తెచ్చి తన కంజిర పట్టి చూసుకున్న పాతది.

షెడ్డుకు కరెంటు తీగె ఇంకా తెంచలేదు. మొదటి ట్రాకులో కంజిర పట్టినాడు. రెండోదాంట్లో పాట... ఆఖరి చరణం కాడికొచ్చి ఆగిపోయినాడు. సరే, మూడోదాంట్లో గజ్జెలన్నా పట్టుదామని, దాని సౌండు మీట పైకి తోసి మొదట్నించి విన్నాడు.

చెవిలో ఎవరో ఆడమనిషి.

సన్నగా, గబగబా... ఏ భాషా కాని మాట. ఇయర్‌ఫోను తీసేసినాడు — షెడ్డంతా నిశ్శబ్దం. మళ్లీ పెట్టుకున్నాడు — ఉండాది. నాలుగో మీట తోసినాడు. ఆడా ఆమే.

మాట తిరగబడి ఉండాది.

లేచి పరిగెత్తాల్సిందే... కానీ పాట? పాట మీద బయమ్మను కూర్చోబెట్టి యాడికి పోతాడు? రికార్డు నొక్కితే ఆ ట్రాకులో పాతది తుడిచిపెట్టుకోని పోతాదని గోవిందప్ప చెప్పింది గుర్తొచ్చింది. టేపు మొదటికి తిప్పి, మూడుకూ నాలుగుకూ రికార్డు నొక్కి, కండ్లు మూసుకోని కంజిర వాయించినాడు... వాయించినాడు... వేళ్లు బొబ్బలెక్కేదాకా.

"పో తల్లీ," అని గొణిగినాడు. "నా పాట నాకిడిసి పో."

ఉన్నట్టుండి కరెంటు పోయింది. పెట్టె చంకన పెట్టుకోని, చీకట్లో పడతా లేస్తా ఊరు చేరినాడు.

తెల్లారి గోవిందప్ప అంతా విని నవ్వినాడు. "దెయ్యం కాదన్నా. క్యాసెట్‌కు ఈ పక్క రెండు ట్రాకులు, ఆ పక్క రెండు. ఈ పెట్టెలో నాలుగూ ఒకే దిక్కు పోతాయి, అదీ రెండింతల వేగంతో. ఆ పక్కన పట్టింది ఈ పెట్టెలో తిరగబడే వినపడతాది."

"ఆ పక్క ఖాళీ కదప్పా. నేనేమీ పట్టలేదే."

"నువ్వు పట్టకపోతే ఇంకెవరో పట్టింటారు." గోవిందప్ప క్యాసెట్ బోర్లించి మామూలు టేపులో వేసి, కొంచెం వెనక్కి తిప్పి నొక్కినాడు.

సర్రుమని గాలి... తర్వాత తీరిగ్గా, నవ్వుతా, రామాంజినమ్మ.

"ఇదో, నిన్నే. ఆఖరి చరణం ఎన్నితూర్లు చెప్పినా మర్చిపోతాండావు. నువ్వు బయటికి పోయినావని దీంట్లో పాడి పెడతాండా. నేను ఊర్లో లేనప్పుడు విను —"

ఆపైన కంజిర. రాత్రి షెడ్డులో తాను వాయించిందే — తిరగబడిన కంజిర, నిదానంగా.

గోవిందప్ప టేపు ఆపబోయినాడు. ఈశ్వరప్ప ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ కంజిరనంతా చివరిదాకా విన్నాడంట, అడుగున యాడన్నా ఆమె ఉండాదేమోనని.