ఎడమ జేబులో ఎర్ర దారం

1962. అలబామాలోని మెర్టన్ కౌంటీ. మంగళవారం ఉదయం 7:40కి కేన్ వాగులో శవం తేలింది.

లూషియస్ బాటిల్. నలభై ఒక్కేళ్ల నల్లజాతి వడ్రంగి. యుద్ధంలో పోరాడి వచ్చినవాడు.

"ఆదివారం సాయంత్రం చేపలకెళ్లాడు. కాలు జారింది. అంతే," అని షెరిఫ్ డాబ్స్ తేల్చేశాడు.

శవం వెర్లీన్ టాల్బర్ట్ దగ్గరకు చేరింది. ఆ ఊళ్లో నల్లవాళ్ల శవాలకు స్నానం చేయించి సాగనంపేది ఆమే. ఇరవై రెండేళ్ల అనుభవం. ఇలా 'కాలు జారిన' వాళ్లలో లూషియస్ ఐదోవాడు.

తల వెనక ఎముక చితికింది. ఒంటిమీద పనివాళ్లు తొడిగే ఓవరాల్స్. అవి చీలమండకు నాలుగంగుళాల పైనే ఆగిపోయాయి. కింద మాత్రం నల్లటి పట్టు మేజోళ్లు.

పట్టు మేజోళ్లతో చేపలకెవరు వెళ్తారు?

లూషియస్ భార్య ఎర్నెస్టీన్ కళ్లలో తడి లేదు.

"ఆదివారం ఇంట్లోనే ఉన్నాడక్కా. సోమవారం పొద్దున ఎనిమిదింటికి సూటేసుకుని కోర్టుకెళ్లాడు. ఓటరుగా పేరు రాయించుకోడానికి. నాలుగోసారి."

"ఈ ఓవరాల్స్ అతనివేనా?"

"కాదు. ఎప్పుడూ చూళ్లేదు."

వెర్లీన్ ఎడమ జేబు తిరగేసింది. లోపల రెండు ఎర్ర దారం కుట్లు. మోకాలి దగ్గర కొత్త మాసిక.

మధ్యాహ్నం రెండింటికి చాకిరేవు రాక్సీ ఇంటికి వెళ్లింది. జైలు బట్టలు ఉతికేది ఆమే.

"రాక్సీ, ఇది నీ కుట్టేనా?"

"నాదే. జైలు బట్టకి వేస్తా. నీకెక్కడిది?"

"ముందు నువ్వు చెప్పు. ఎందుకేస్తావు?"

"నల్ల ఖైదీల బట్టలు తెల్లోళ్ల బట్టల్లో కలిస్తే తోలు తీస్తానన్నాడు షెరిఫ్. నాకా చదువు రాదు. అందుకే మనోళ్ల జతలకి ఈ గుర్తు."

"షెరిఫ్‌కి తెలుసా?"

"ఎలా వేరుచేస్తున్నావే అని ఎప్పుడైనా అడిగితే కదా తెలిసేది."

"ఈ మాసిక?"

"ఆదివారం చర్చి నుంచొచ్చి వేశా. సోమవారం తొమ్మిదింటికి జైల్లో అప్పజెప్పా."

"లూషియస్ ఒంటిమీదున్నది ఇదే, రాక్సీ."

రాక్సీ చేతిలోని దుప్పటి బురదలో పడింది.

"సాక్ష్యం చెప్తే నా పని పోద్ది."

"పోతుంది."

"ఇల్లు తగలబెట్టినా పెడతారు."

రాక్సీ దుప్పటి తీసి మళ్లీ తొట్లో వేసింది.

"ఎప్పుడు రావాలి?"

గురువారం ఉదయం పదింటికి ఇంక్వెస్ట్, అంటే చావుకి కారణం తేల్చే విచారణ. కింద కుర్చీల్లో తెల్లవాళ్లు. నల్లవాళ్లంతా పైన బాల్కనీలో. జ్యూరీలో ఆరుగురూ తెల్లవాళ్లే.

"వెర్లీన్, శవం నీకు అందిందా?" విచారణ జరిపే కరోనర్ అడిగాడు.

"మిసెస్ టాల్బర్ట్ అనండి. ఇందాకటి తెల్ల సాక్షిని మిస్టర్ అనే పిలిచారు."

ఆమె ఓవరాల్స్ బల్లమీద పరిచింది.

"లూషియస్ ఆదివారం చనిపోయాడన్నారు. ఈ ఓవరాల్స్ సోమవారం తొమ్మిదింటికి జైల్లో ఉన్నాయి. చచ్చినవాడు లేచొచ్చి తొడుక్కున్నాడా? నెత్తురంటిన సూటు విప్పేశారు. దొరికింది తగిలించారు. మేజోళ్లు మర్చిపోయారు."

పైన రాక్సీ లేచి నిలబడింది. "ఆ మాసిక నేనేశా. జేబులో గుర్తు కూడా నాదే. రంగు కలవకూడదని మీరేగా చెప్పారు, షెరిఫ్ గారూ?"

జ్యూరీ తొమ్మిది నిమిషాల్లో తిరిగొచ్చింది. ప్రమాదవశాత్తు మరణం.

డాబ్స్ నవ్వుతూ ఓవరాల్స్ లాక్కున్నాడు. "ఇది కౌంటీ జైలు ఆస్తి."

"అవును. గంట నుంచీ నేను చెప్తున్నదీ అదే," అంది వెర్లీన్.

స్టెనోగ్రాఫర్ వేళ్లు ఆ రెండు మాటలనూ టైపు చేసేశాయి. డాబ్స్ నవ్వు ఆగిపోయింది. జేబు తడిమాడు. అక్కడ కత్తిరించిన కన్నం.

"జేబేది?"

"నిన్న 2:15 బస్సులో వెళ్లింది. రాక్సీ వేలిముద్ర వేసిన స్టేట్‌మెంట్‌తో. ఫెడరల్ ప్రభుత్వ లాయర్ల దగ్గరికి."

ఆ వారమే రాక్సీ పని పోయింది. నెల తిరక్కుండా ఇల్లు కాలింది. ఆమె వెర్లీన్ ఇంట్లో ఉంటూనే ఫెడరల్ కోర్టుకి వెళ్లింది, అదే మాట చెప్పింది. చివరికి డాబ్స్ కింద పనిచేసే ఒక డిప్యూటీ నోరు విప్పాడు. ఓటరు దరఖాస్తు అడిగినందుకు లూషియస్‌ని జైలుకి లాక్కెళ్లారు. డాబ్స్ లాఠీతో కొట్టాడు. ఆ సోమవారం 11:20కి ప్రాణం పోయింది.

పౌరహక్కులను కాలరాసే కుట్ర కింద డాబ్స్‌కి ఆరేళ్లు పడింది. హత్య కేసు మాత్రం ఎవరూ పెట్టలేదు.

"ఆరేళ్లు," అంది ఎర్నెస్టీన్ కోర్టు మెట్లు దిగుతూ. "మనిషిని చంపితే ఆరేళ్లు."

ఆమె చేతి తొడుగులు సరిచేసుకుంది.

"అక్కా, ఆ ఓటర్ల ఆఫీసు సోమవారం ఎన్నింటికి తీస్తారు?"

"ఎనిమిదిన్నరకి."

"నేనెళ్తున్నా."

"నేనూ వస్తా," అంది వెర్లీన్.

"వేలిముద్ర ఒప్పుకోరంటగా," అంది వెనక నుంచి రాక్సీ. "సోమవారంలోగా నాకు సంతకం నేర్పండి."