ముప్ఫై కిలోల క్యారట్లు

"రెండు నెలలసంది కనబడకపోతివి. గిప్పుడు గిట్ల పచ్చగయి వచ్చినవేంది?"

వందన సూది చేతిలో పట్టుకునే అడిగింది. మంచిర్యాలలోని ఆ చిన్న ల్యాబ్‌లో రక్తం తీసేది ఆమే. తీయించుకోవడానికి వచ్చింది నిరంజన్. లక్సెట్టిపేటలో లెక్కల సారు, వందన మనసు పడ్డ మొద్దు.

"కామెర్లంట. అవ్వ పసరు పోయిస్తనంటుంది."

"జర ఆగు. ఏం తిన్నవ్?"

నిరంజన్ నేల చూపులు చూశాడు. "క్యారట్లు. రోజుకు అర కిలో."

తప్పంతా వందన బాపుది. ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన ముత్తయ్యకు చూపంటే ప్రాణం. "కండ్లద్దాలోనికి పిల్లనియ్య" అని రెండు నెలల కింద తేల్చేశాడు. సారుకు బాయిలో ఏం పని అని ఎవరూ అడగలేదు. నిరంజన్ అయితే అసలే అడగలేదు, తిన్నగా కూరగాయల మార్కెట్‌కు పోయాడు.

వందన తల పట్టుకుంది. "ఎంత తింటే అంత వంటికి పడుతదనుకున్నవా? విటమిన్ ఏ సాలినంక పేగే గేటు మూస్తది. క్యారట్ల రంగును విటమిన్‌గ మార్చుడు తగ్గిస్తది. గా మిగిలిన రంగే కొంత రక్తంలకు పోయి నీ తోలుకు పట్టింది."

"మరి అద్దాలు?"

"పోవు. విటమిన్ తక్కువై సూపు మందగిస్తే గద క్యారట్లు పనిచేసేది."

అయినా టెస్ట్ చేసింది. గంటకు రిపోర్టు వచ్చింది, కామెర్లు లేవు. సరిగ్గా అప్పుడే ముత్తయ్య బిడ్డకు టిఫిన్ డబ్బా తెచ్చాడు. నిరంజన్ అరచేతులు చూసి ఆగిపోయాడు.

"అద్దాలకు తోడు కామెర్లు గూడనా?"

"కాదు బాపూ, క్యారట్లు. రిపోర్టు సూడు."

"కాయిదం నేను నమ్మ."

"అయితే కండ్లల్లకు సూడు. కామెర్లయితే తెల్లగుడ్డు పచ్చగయితది."

ముత్తయ్య అద్దాలు తీయించి చూశాడు. గుడ్లు పాలలాగా తెల్లగా ఉన్నాయి. ఆయన ఒక అడుగు వెనక్కు వేయగానే నిరంజన్ భక్తిగా వంగి, మూలనున్న వాటర్ క్యాన్‌కు దండం పెట్టాడు.

"నమస్తే మామా."

వందన నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ముత్తయ్య నవ్వలేదు.

"నేనొక్క మాటంటే రెండు నెల్లు క్యారట్లు తిన్నవా?"

"తిన్న. ఇంకో ఆర్నెల్లు తినుమన్నా తింట."

"వద్దు. నీ పేగుకున్న తెలివి నీకు లేదు." ముత్తయ్య తన చేతులతోనే అద్దాలు అతని ముక్కు మీద పెట్టాడు. "ఇవి తియ్యకు బిడ్డా. తీస్తే లగ్గంనాడు నా పిల్లను ఇడిసిపెట్టి క్యాన్‌కు పుస్తె కడుతవ్."